చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే అందుకునే బీఎస్ఏ బీ31 వేడెక్కాక ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న: ఒంటిసిలిండరు

సభ్యులందరికీ నమస్కారం. విడిభాగాలుగా పెట్టెల్లో మూలుగుతున్న 1951 నాటి బ్రిటిష్ మోటారు సైకిల్ బీఎస్ఏ బీ31ను రెండేళ్లు శ్రమపడి ఈ మధ్యే మళ్లీ రోడ్డెక్కించాను. 71 మి.మీ. బోరు, 88 మి.మీ. స్ట్రోకు ఉన్న 348 సీసీ ఇనుప ఇంజను. వెనక చక్రానికి ప్లంజర్ సస్పెన్షన్, సిలిండరు వెనక మాగ్‌డైనో (స్పార్కు పుట్టించే మాగ్నెటో, లైట్లకు కరెంటిచ్చే డైనమో కలిసిన భాగం), ఫ్లోట్ చాంబర్ విడిగా వేలాడే అమాల్ 276 కార్బొరేటర్ ఉన్నాయి. సిలిండరును 20 థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) బోర్ చేయించి కొత్త పిస్టన్, రింగులు వేశాను. వాల్వులను సీట్ల మీద అరగదీసి కూర్చోబెట్టాను. ట్యాంకులోని తుప్పును చాకలి సోడా నీళ్లలోకి బ్యాటరీ చార్జర్‌తో కరెంటు పంపి వదలగొట్టాను. మాగ్నెటోను మాత్రం నేను విప్పలేదు. బాగు చేయడానికి ఇచ్చిన చోట "కాయిల్ బాగుంది, పాయింట్లు శుభ్రం చేశాం" అని చెప్పి తిరిగి ఇస్తే, ఆ మాట నమ్మి బిగించాను. (పాయింట్లంటే మాగ్నెటోలో కరెంటును కలిపి, తెంచే లోహపు మొనలు.)

ఇక సమస్య. ఉదయం పూట టిక్లర్ (కార్బొరేటర్‌లోకి అదనంగా పెట్రోలు దించే బొత్తాం) నొక్కి, స్పార్కు కాస్త ఆలస్యంగా వచ్చేలా ఇగ్నిషన్ లివర్ వెనక్కి పెట్టి, కంప్రెషన్ దాటించి తన్నితే మొదటి కిక్కుకో రెండో కిక్కుకో ఇంజను అందుకుంటుంది. 15 కిలోమీటర్లు నడిపినా ఎక్కడా తడబడదు, ఎత్తు ఎక్కేటప్పుడు కూడా లాగుడు తగ్గదు. కానీ బండి ఆపి ఐదారు నిమిషాల తర్వాత తన్నితే ఉలుకూ పలుకూ ఉండదు. ఇరవై సార్లు తన్నినా, తోసి గేరు వేసినా ప్రయోజనం ఉండదు. ముప్పావుగంట వదిలేసి వస్తే, ఏమీ జరగనట్టు మళ్లీ ఒక్క కిక్కుకే లేస్తుంది. విచిత్రమేమిటంటే, ఆపిన అర నిమిషంలోపు తన్నితే వేడి ఇంజనే అయినా స్టార్టవుతుంది.

ఇప్పటికి మూడు ప్లగ్గులు మార్చాను, ప్లగ్ క్యాప్ మార్చాను, పైలట్ జెట్ శుభ్రం చేశాను. కార్బొరేటర్ మార్చమని కొందరు, మాగ్నెటో తీసేసి బ్యాటరీ, కాయిల్ పెట్టుకోమని కొందరు చెబుతున్నారు. ఇంకో వస్తువు కొనేముందు అసలు లోపం ఎక్కడుందో తెలుసుకునే పద్ధతి చెప్పగలరా? రాత్రంతా నిలబెడితే ఆయిల్ ట్యాంకులో మట్టం కూడా తగ్గిపోతోంది. దీనికి, దానికి ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: పాతఇనుము

ముందుగా ఒక మాట. మీరు లక్షణాలను ఇంత వివరంగా రాయడం వల్లనే సగం పని అయిపోయింది. "వేడెక్కితే స్టార్టు కావడం లేదు" అని ఒక్క ముక్క రాసి పరిష్కారం అడిగేవారే ఎక్కువ.

ఇంజను వేడెక్కడం వేరు, ఇంజను ఆపాక వేడి పాకడం వేరు. నడిచేటప్పుడు ఎదురుగాలి సిలిండరును, దాని వెనకనున్న మాగ్నెటోను, కార్బొరేటర్‌ను చల్లబరుస్తూనే ఉంటుంది. బండి ఆగిన క్షణం నుంచి ఆ గాలి ఉండదు. ఇనుప సిలిండరులోను, హెడ్డులోను నిలవ ఉన్న వేడి పక్కనున్న వస్తువులన్నింటిలోకి పాకుతుంది. అందుచేత మాగ్నెటో గానీ కార్బొరేటర్ గానీ అత్యధికంగా వేడెక్కేది ప్రయాణంలో కాదు, ఆగిన తర్వాతి పావుగంటలో. అర నిమిషంలో తన్నితే లేచి, ఐదు నిమిషాలకు మొరాయించడానికి కారణం ఇదే. కాబట్టి బోరు బిగుతుగా ఉండి పిస్టన్ పట్టేస్తోందన్న అనుమానాన్ని పక్కన పెట్టవచ్చు. అలా పట్టేదయితే నడుస్తుండగానే, అదీ ఎత్తు ఎక్కేటప్పుడు, మీకు తెలిసిపోయేది.

రెండో సంగతి మాగ్నెటో స్వభావం. బ్యాటరీ, కాయిల్ ఉన్న బండిలో ఇంజను మెల్లగా తిరిగినా స్పార్కుకు కావలసిన కరెంటు బ్యాటరీ ఇస్తుంది. మాగ్నెటో తన కరెంటు తానే పుట్టించుకోవాలి, పైగా అది ఇంజను వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది. అంటే మీరు కిక్కు కొట్టే క్షణంలో అది అత్యంత బలహీనంగా ఉంటుంది. ఇంజను ఒకసారి అందుకున్నాక వేగం పెరిగి, లోపమున్న మాగ్నెటో కూడా చక్కటి స్పార్కు ఇస్తుంది. "నడుస్తుంటే బాగానే ఉంది కదా, మాగ్నెటోలో లోపం ఎందుకుంటుంది" అనే వాదన అందుకే నిలబడదు. ఇంకా ఒక మెలిక ఉంది. ఇగ్నిషన్ లివర్‌ను పూర్తిగా వెనక్కి పెట్టినప్పుడు, అయస్కాంత ప్రభావం గరిష్ఠంగా ఉండే స్థానం దాటిపోయాక గానీ పాయింట్లు తెరుచుకోవు. అందువల్ల స్పార్కు మరింత పలచబడుతుంది. ఈసారి వేడిగా మొరాయించినప్పుడు లివర్‌ను మూడో వంతు ముందుకు జరిపి తన్ని చూడండి. అంతకుమించి జరపకండి. ఎదురు తన్నిందంటే చీలమండ వారం రోజులు మాట వినదు.

అసలు పరీక్ష ఇది. ఇద్దరు ముద్దాయిలలో ఒకరినే చల్లబరచండి. ఐసు ముక్కలను ప్లాస్టిక్ సంచిలో కట్టి, గుడ్డ చుట్టి, బండి ఆపిన వెంటనే మాగ్నెటో మీద ఆనించి పది నిమిషాలు ఉంచండి. పాయింట్ల మూతలోకి, తీగ బయటికి వచ్చే చోటికి నీరు చేరకుండా చూసుకోండి. ఇంజను, కార్బొరేటర్ వేడిగానే ఉండాలి. అప్పుడు తన్నండి. మరో రోజు అదే సంచిని ఫ్లోట్ చాంబర్‌కు ఆనించండి, మాగ్నెటోను ముట్టుకోకండి. రెండు రోజులూ ఒకే దారిలో, ఒకే దూరం నడపండి. వీటికి తోడు, ప్లగ్ గ్యాప్‌ను తాత్కాలికంగా 0.4 మి.మీ.కు తగ్గించి ఒకసారి చూడండి. గ్యాప్ తగ్గించినంత మాత్రాన వేడిలో లేచిందంటే లోపం కరెంటు వైపే అన్నమాట.

వేడి ఇంజనుకు టిక్లర్ నొక్కుతున్నారా? నొక్కితే మానేయండి. వాల్వ్ లిఫ్టర్ లివర్ పట్టుకుని, పిస్టన్ పైకొసను కొంచెం దాటించి, కిక్ రాడ్‌ను మళ్లీ పైకి రానిచ్చి, థ్రాటిల్ ముట్టకుండా కిందిదాకా ఒకే ఊపున తన్నడమే వేడి ఇంజను పద్ధతి. పొడిచినట్టు తన్నే పొట్టి కిక్కులతో మాగ్నెటోకు వేగం రాదు.

ఒంటి సిలిండరు బళ్లు వేడికి తట్టుకోవని ఎవరైనా అంటే నమ్మకండి. 1961లో ఫ్రాన్సులోని మోంట్లేరీ ట్రాక్ మీద 500 సీసీ వెలోసెట్ వెనమ్ అనే ఒంటి సిలిండరు బండి 24 గంటల పాటు సగటున గంటకు 100 మైళ్లకు పైగా వేగంతో నడిచింది. లోపం జాతిలో లేదు.

జవాబు: జెట్‌నీడిల్

పాతఇనుము గారు చెప్పిన పరీక్ష మంచిదే. కానీ ఆయన మాటల్లో మాగ్నెటో మీద అనుమానం ముందే మొగ్గిపోయినట్టు నాకు తోస్తోంది. ఈ లక్షణాలే పెట్రోలు వైపు నుంచి కూడా వస్తాయి. ఇప్పటి పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ వల్ల, ముఖ్యంగా తక్కువ పాళ్లలో కలిపినప్పుడు, ఆవిరయ్యే గుణం పెరుగుతుంది. ఈ కార్బొరేటర్‌ను రూపొందించిన కాలంలో అలాంటి పెట్రోలు లేదు. ఆగిన ఇంజను వేడికి ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోలు ఆవిరై ఇన్‌లెట్‌లో నిండితే మిశ్రమం చిక్కబడి, మీరు ఎంత తన్నినా అంటుకోదు. అర నిమిషంలో లేవడానికి, ముప్పావుగంట తర్వాత లేవడానికి ఇది కూడా సరిపోతుంది.

పాత బండిలో నేను పడ్డ పాట్లు చెబుతాను. ఇది నా తప్పే. మూడు నెలల పాటు మాగ్నెటో వెంట పడి, దాన్ని రెండుసార్లు విప్పించాను. చివరికి తేలిందేమిటంటే, ట్యాంకుకు రంగు వేసినప్పుడు మూతలోని గాలి రంధ్రంలోకి లక్క రంగు చేరి పూడుకుపోయింది. మూత తీస్తే ఉస్సుమని గాలి పీల్చుకునేది. ఆ చప్పుడు రోజూ వింటూ కూడా దాని అర్థం నాకు తట్టలేదు. కాబట్టి ఒంటిసిలిండరు గారూ, ఈసారి మొరాయించినప్పుడు మొదట ట్యాంకు మూత తీసి తన్నండి. ఆ తర్వాత ప్లగ్ విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు చేరడం లేదు. తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే పెట్రోలు చేరింది, అంటుకోలేదు. తడి ప్లగ్ మాత్రం ఎవరి మీదా నేరం రుజువు చేయదు. మిశ్రమం చిక్కబడినా తడుస్తుంది, స్పార్కు లేకపోయినా తడుస్తుంది.

ఇంకొకటి, కార్బొరేటర్ ఫ్లాంజ్, అంటే ఇంజనుకు బిగించే దాని అంచు. పాత అమాల్ బాడీ మెత్తని లోహం. రెండు నట్లను ఏళ్ల తరబడి అతిగా బిగించిన ఫలితంగా దాని ముఖం అరటిపండులా వంగి ఉంటుంది. అద్దం మీద గరుకు కాగితం పరిచి, ఫ్లాంజ్‌ను దాని మీద నాలుగు సార్లు రుద్దితే ఎక్కడ తగులుతోందో, ఎక్కడ తగలడం లేదో మీకే కనిపిస్తుంది. ఇంజనుకు, దానికి మధ్య వేడిని ఆపే మందపాటి ఫైబర్ ప్యాకింగ్ ఉందో లేదో కూడా చూడండి. బండిని మళ్లీ కట్టేటప్పుడు చాలామంది దాన్ని మరిచి పలుచని కాగితం ప్యాకింగ్‌తో సరిపెడతారు.

ఒంటిసిలిండరు (ప్రశ్నించినవారు)

ఇద్దరికీ కృతజ్ఞతలు. తొమ్మిది రోజుల్లో ఆరు సార్లు ఒకే దారిలో 16 కిలోమీటర్లు నడిపి, ప్రతిసారీ ఒక్క పరీక్ష మాత్రమే చేశాను. ఫలితాలు రాస్తున్నాను.

ట్యాంకు మూత తీసినా తేడా లేదు. ప్లగ్ ప్రతిసారీ తడిగానే ఉంది. జెట్‌నీడిల్ గారి అనుమానం ఒకటి నిజమైంది. ఫ్లాంజ్ నిజంగానే వంగి ఉంది, మధ్యలో ఫైబర్ ప్యాకింగ్ లేదు. ఫ్లాంజ్‌ను చదును చేసి, ప్యాకింగ్ వేశాక ఐడిలింగ్ ఎంతో నిలకడగా మారింది. కానీ వేడిగా స్టార్టు కాకపోవడం మాత్రం అలాగే ఉంది.

ఫ్లోట్ చాంబర్‌కు ఐసు ఆనించిన రోజు 25 కిక్కులకు కూడా లేవలేదు. మాగ్నెటోకు ఐసు ఆనించిన రోజు రెండో కిక్కుకు లేచింది. నమ్మకం కుదరక మరునాడు మళ్లీ చేశాను, మూడో కిక్కుకు లేచింది. ఐసు లేకుండా ప్లగ్ గ్యాప్ 0.4 మి.మీ. పెట్టిన రోజు ఆరో కిక్కుకు, అదీ లివర్ మూడో వంతు ముందుకు జరిపాక, దగ్గుతూ లేచింది.

చివరగా నాకు తోచిన పరీక్ష ఒకటి చేశాను. రాత్రి చల్లారిన ఇంజను మీద హెయిర్ డ్రయ్యర్‌తో మాగ్నెటోను మాత్రమే, చేయి ఆనించలేనంత వరకు వేడి చేశాను. బండి అసలు నడవలేదు, కార్బొరేటర్ చల్లగా ఉంది. అయినా స్టార్టు కాలేదు! పెట్రోలు కుళాయి కట్టేసి, ప్లగ్‌ను ట్యాంకుకు, కార్బొరేటర్‌కు దూరంగా హెడ్డుకు ఆనించి దీపం ఆర్పి తన్ని చూస్తే, చల్లగా ఉన్నప్పుడు నీలంగా టప్ మని వచ్చిన స్పార్కు ఇప్పుడు సన్నగా, పసుపు రంగులో, రెండు కిక్కులకు ఒకసారి కనిపిస్తోంది. పాయింట్ల మూత తీసి చూశాను. అక్కడ మాత్రం దీపావళి మతాబులా తెల్లగా చిటపటలాడుతోంది. ప్లగ్ దగ్గర రావలసిన వెలుగు పాయింట్ల దగ్గర వస్తోందా?

జవాబు: స్లిప్‌రింగ్

మీ చివరి వాక్యం అక్షరాలా నిజం. పాయింట్ల దగ్గర ఆ చిటపటలే కండెన్సర్ పోయిందనడానికి గుర్తు.

పాయింట్లు మూసుకున్నప్పుడు మాగ్నెటోలో తిరిగే ఆర్మేచర్ మీది మందపు తీగ చుట్టలో కరెంటు పుడుతుంది. పాయింట్లు తెరుచుకున్న క్షణాన ఆ కరెంటు ఒక్క వేటుతో ఆగిపోవాలి. ఎంత చురుగ్గా ఆగితే సన్నని తీగ చుట్టలో అంత ఎక్కువ వోల్టేజీ పుట్టి, ప్లగ్ గ్యాప్‌ను దూకుతుంది. తెగిన కరెంటు పాయింట్ల మధ్య నిప్పుగా దూకకుండా, దాన్ని ఒక్క క్షణం తనలోకి తీసుకునేది కండెన్సర్. దాని లోపల కరెంటు కారిపోతుంటే, తీగలో కరెంటు చురుగ్గా ఆగక ఈడుస్తుంది. ఆ ఈడుపే మీకు పాయింట్ల దగ్గర తెల్లటి మంటగా, ప్లగ్ దగ్గర పసుపు రంగు నీరసంగా కనిపిస్తోంది. వేడెక్కే కొద్దీ ఇన్సులేషన్ కారుడు పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. 70 ఏళ్లు దాటిన కండెన్సర్ అది, తప్పు తయారీదారుది కాదు, వయసుది. ఇంత వయసున్న మాగ్నెటోను విప్పినప్పుడు, పనిచేస్తున్నా సరే, కండెన్సర్ మార్చకుండా మూయకూడదన్నది నా అభిప్రాయం.

"కాయిల్ బాగుంది" అన్న మాట అబద్ధమై ఉండనక్కరలేదు. మామూలు మల్టీమీటర్‌తో కొలిస్తే తీగ చుట్టలు, కండెన్సర్ కూడా సరైన అంకెలే చూపిస్తాయి. మీటరు ప్రయోగించేది కొద్ది వోల్టులు మాత్రమే. పాయింట్లు తెరుచుకున్నప్పుడు కండెన్సర్ మీద పడేది వందల వోల్టులు. చల్లటి బల్ల మీద, కొద్ది వోల్టులతో పరీక్షించి బాగుందనడం, పడుకున్న మనిషి నాడి చూసి పరుగు పందానికి పంపడం లాంటిది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌లో కాయిల్ ఇగ్నిషన్ ఉన్న మోడళ్ల వారికి ఇదే జబ్బు వస్తే పది నిమిషాల పని. కండెన్సర్ పాయింట్ల పక్కనే ఒక మరతో బిగించి ఉంటుంది, దారిలోనే మార్చుకోవచ్చు. మీ బండిలో అది తిరిగే ఆర్మేచర్ లోపల, పాయింట్ల వైపు ఇత్తడి మూతలో దాగి ఉంటుంది. బయట ఇంకొక కండెన్సర్‌ను జతగా కలిపితే చాలదా అని కొందరు అడుగుతారు. పాతది తెగిపోయి ఉంటే చాలుతుంది. కారుతూ ఉంటే చాలదు, ఎందుకంటే పక్కన ఎంత మంచిది పెట్టినా పాతది కారుతూనే ఉంటుంది. కాబట్టి ఆర్మేచర్ బయటికి తీయక తప్పదు.

తీసేటప్పుడు జాగ్రత్త, ఇక్కడే చాలామంది చేతులు కాల్చుకుంటారు. ప్లగ్ తీగ వచ్చే పికప్ హోల్డర్‌ను ముందు విప్పండి. అంతటితో సరిపోదు. బాడీలో చిన్న సేఫ్టీ మర ఒకటి, ఎర్త్ బ్రష్ మర ఒకటి ఉంటాయి. వీటి కొసలు లోపలి స్లిప్ రింగు (స్పార్కు కరెంటును ప్లగ్ తీగకు అందించే తిరిగే రింగు) గోడల మధ్యకు చొచ్చుకొని ఉంటాయి. ఆ రెండూ విప్పకుండా ఆర్మేచర్‌ను లాగితే స్లిప్ రింగు అంచు పటుక్కున విరుగుతుంది. విరిగే చప్పుడు చాలా చిన్నది, దాని ఖరీదు మాత్రం చిన్నది కాదు. ఈ మాట అనుభవంతోనే రాస్తున్నాను. ఆర్మేచర్ బయటికి రాగానే దాని స్థానంలో, అయస్కాంత ధ్రువాల మధ్య, ఒక మెత్తని ఇనుప ముక్క ఉంచండి. పాత రకం అయస్కాంతాలు ఖాళీగా ఉంటే బలం కోల్పోతాయి.

కొత్త కండెన్సర్ 0.15 నుంచి 0.2 మైక్రోఫారడ్ మధ్య, కనీసం 600 వోల్టులకు, 100 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడికి తట్టుకునేదై ఉండాలి. ఇత్తడి మూతలో పట్టే పరిమాణంలో ఇప్పుడు దొరుకుతున్నాయి. లోపల కదలకుండా గట్టిగా పాతండి. అది నిమిషానికి వేల సార్లు తిరిగే చోటు. ఇదే అదనుగా స్లిప్ రింగు మీది నల్లటి కార్బన్ పొడిని తుడిచి, దాని ఉపరితలం మీద వెంట్రుకలా సన్నని కాలిన గీత ఏమైనా ఉందేమో భూతద్దంతో చూడండి. ఉంటే స్పార్కు ప్లగ్‌కు చేరకుండా ఆ గీత వెంటే బాడీలోకి పోతుంది. పాయింట్ల ముఖాలను సన్నని రాతితో చదును చేసి, గ్యాప్ 0.30 మి.మీ. పెట్టండి.

తిరిగి బిగించేటప్పుడు టైమింగ్. ఈ మాగ్నెటో షాఫ్టు మీద పినియన్‌కు (చిన్న గేరుకు) జారకుండా పట్టే కీ ఉండదు, వాలుగా ఉన్న షాఫ్టు మీద బిగుతుతోనే పట్టుకుంటుంది. లివర్ పూర్తిగా ముందుకు జరిపి, పిస్టన్‌ను తయారీదారు పుస్తకంలో చెప్పిన కొలతకు తెచ్చి, పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి మెల్లగా లాగుతూ, అది జారిపోయే క్షణాన్ని పట్టుకోవాలి. గేర్ల ఆటను తిరిగే దిశలోనే తీసేయండి. నట్టు బిగించేటప్పుడు పినియన్ కొద్దిగా జరగడం మామూలే, కాబట్టి బిగించాక మళ్లీ మొదటి నుంచి సరిచూడండి. నేను మూడు సార్లకు తక్కువగా ఎప్పుడూ ముగించలేదు.

జవాబు: బ్యాటరీమిత్రుడు

ఇంత శ్రమ ఎందుకు? పాత మాగ్నెటో డొల్లను అలాగే ఉంచి, లోపల ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకుంటే వేడికీ చలికీ ఒకే తీరుగా లేస్తుంది, బయటికి ఎవరికీ తెలియదు. బీఎస్ఏ వారే 1958లో బీ31కు ఆల్టర్నేటర్, కాయిల్ పెట్టి మాగ్నెటోను వదిలేశారు కదా.

జవాబు: పాతఇనుము

బ్యాటరీమిత్రుడు గారి మాటలో న్యాయం ఉంది. రోజూ ఆఫీసుకు వెళ్లే బండి అయితే నేనూ ఆలోచిస్తాను. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1951 నాటి బండిలో లైట్లకు కరెంటు ఇచ్చేది 6 వోల్టుల, 60 వాట్ల డైనమో. లైటు వేసి మెల్లగా నడిపితే దానికి ఊపిరాడదు. బ్యాటరీ మీద ఆధారపడే ఇగ్నిషన్ పెట్టుకుంటే ఆ బరువు కూడా దాని నెత్తినే పడుతుంది. మాగ్నెటో ఉన్న బండికి బ్యాటరీ చచ్చిపోయినా, అసలు లేకపోయినా ఇల్లు చేరే సుఖం ఉంది. జబ్బు ఏమిటో తెలియనప్పుడు మొత్తం వ్యవస్థను మార్చడాన్ని అర్థం చేసుకుంటాను. జబ్బు పేరు, చిరునామా తెలిశాక కూడా మార్చడం నాకు నచ్చదు.

ఆయిల్ సంగతి అడిగారు. స్టార్టింగుతో దానికి సంబంధం లేదు. ఇది డ్రై సంప్ ఇంజను. ఆయిల్ విడి ట్యాంకులో ఉంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు పంపులోని గేర్ల సందుల గుండా, సరిగా కూర్చోని బంతి వాల్వు గుండా ఆయిల్ మెల్లగా కిందికి, క్రాంక్ కేసులోకి దిగుతుంది. ఉదయం మట్టం తగ్గిందని కొత్త ఆయిల్ పోయకండి. ఇంజను స్టార్టు చేసి రెండు నిమిషాలు తిరగనిస్తే దిగినదంతా ట్యాంకుకు తిరిగి వస్తుంది. అప్పుడు మట్టం చూడండి. లేకపోతే ట్యాంకు పొంగుతుంది. ఆయిల్ పైపుకు కుళాయి పెట్టుకోమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. ఒక్క ఉదయం దాన్ని తెరవడం మరిస్తే, మీరు బోర్ చేయించిన సిలిండరు, బిగ్ ఎండ్ (క్రాంకు దగ్గరి బేరింగు) రెండూ పోతాయి.

ఒంటిసిలిండరు (ప్రశ్నించినవారు)

మూడు వారాల ఆలస్యానికి క్షమించండి.

మాగ్నెటోను దించాను. పినియన్‌ను స్క్రూ డ్రైవర్‌తో ఎగదన్నాలన్న కోరికను అణచుకొని పుల్లర్ తెప్పించుకున్నాను. స్లిప్‌రింగ్ గారు చెప్పిన రెండు మరల్లో ఎర్త్ బ్రష్ మర సులువుగానే వచ్చింది. సేఫ్టీ మర మాత్రం జిడ్డుతో, పాత రంగుతో కప్పుకుపోయి కనిపించనే లేదు. ఆర్మేచర్‌ను లాగబోయి, అది కొద్దిగా కదిలి ఆగగానే ఆయన మాట గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకున్నాను. కిరోసిన్‌తో కడిగితే ఆ మర తల బయటపడింది. ఆ ఒక్క వాక్యం రాసినందుకు ఆయనకు రుణపడి ఉంటాను.

పాత కండెన్సర్‌ను విడదీసి, ఇన్సులేషన్ టెస్టర్ ఉన్న ఒక మిత్రుడి దగ్గరకు తీసుకెళ్లాను. చల్లగా ఉన్నప్పుడే సూది కొంచెం కదిలింది. హెయిర్ డ్రయ్యర్ గాలి తగులుతున్న కొద్దీ ఒక్కొక్క గీతే కిందికి జారుతూ దాదాపు అడుగుకు చేరింది. గాలి ఆపి పది నిమిషాలు కూర్చుంటే మళ్లీ పైకి పాకింది. నా బండి రోజూ దారిలో చేసే పనే అది బల్ల మీద చేసి చూపించింది. తీగ చుట్టలు మాత్రం వేడిలోనూ నిలబడ్డాయి, కాబట్టి కొత్త చుట్టలు చుట్టించాల్సిన పని లేకపోయింది. స్లిప్ రింగు మీద కాలిన గీతలేవీ లేవు. కార్బన్ పొడి మాత్రం చేతికి అంటేంత ఉంది.

కొత్త కండెన్సర్ అమర్చి, పాయింట్లు చదును చేసి బిగించాను. టైమింగ్ నాలుగో ప్రయత్నానికి కుదిరింది. సిగరెట్ కాగితం జారే క్షణం చేతికి తెలియడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

నిన్న 40 కిలోమీటర్లు నడిపాను. నాలుగు చోట్ల కావాలనే ఆపి, ఐదు నిమిషాల నుంచి ఇరవై నిమిషాల దాకా ఎండలో నిలబెట్టి తన్నాను. మూడు చోట్ల మొదటి కిక్కుకు లేచింది. నాలుగో చోట రెండో కిక్కు పట్టింది, అక్కడ అలవాటు కొద్దీ టిక్లర్ నొక్కాను. ప్లగ్ గ్యాప్‌ను తిరిగి 0.5 మి.మీ.కు తెచ్చాను. ఆయిల్ పంపును విప్పి బంతి వాల్వు సీటును చూడాలని ఉంది గానీ, బండి నడుస్తున్న ఈ వారం దాన్ని ముట్టుకోబుద్ధి కావడం లేదు. విప్పిన రోజున దాని గురించి వేరే ప్రశ్న రాస్తాను.